కటింగ్ మ్యాట్ మీద ఇస్త్రీ చేయొచ్చా? వద్దంటే మరి దేని మీద చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. చేయొద్దు. ఒక్క కుట్టు కోసమైనా, పైన టవల్ మడిచి వేసినా, ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీదే ఉన్నా సరే, కటింగ్ మ్యాట్, అంటే బట్ట కోసేటప్పుడు కింద పరుచుకునే గళ్ళ గీతల ప్లాస్టిక్ షీటు, దాని మీద మాత్రం వద్దు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదా అంటే మా అక్క చెప్పింది, నేనే వినలేదు.

బొంత కోసం తొమ్మిది ముక్కల బ్లాకులు, అంటే చిన్న బట్ట ముక్కలు కలిపి కుట్టే చదరాలు, కుడుతున్నాను. బల్ల మీద మ్యాట్, దాని పక్కన మిషను, ఇస్త్రీ బల్లేమో పక్క గదిలో. ప్రతి కుట్టుకీ లేచి వెళ్ళి రావడం విసుగొచ్చి, చిన్న ఇస్త్రీ పెట్టె తెచ్చి దగ్గర పెట్టుకుని, పాత చేతి టవల్ ఒకటి నాలుగు మడతలు వేసి మ్యాట్ మీద పరిచి, దాని మీదే ఒత్తడం మొదలుపెట్టాను. మొదటి పది కుట్లకి ఏమీ కాలేదు. ఈ మాత్రానికే ఇంత భయపెట్టారా అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత టవల్ ఎత్తబోతే చర్రుమని ఊడొచ్చింది. కింద చూస్తే 11 అంగుళాల గీత దగ్గర అరచేయంత మేర మ్యాట్ ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. దాని మీద స్కేలు పెడితే అటూ ఇటూ ఊగుతోంది. అక్కకి ఫోన్ చేస్తే ఏమీ అనలేదు, నవ్వింది. అదే ఇంకా మంట.

అసలు ఎందుకిలా అవుతుందంటే, మనం ఎక్కువగా వాడే ఆ ఆకుపచ్చ, నీలం మ్యాట్‌లు పీవీసీతో చేసినవి, రెండు మూడు పొరలు అతికించి ఉంటాయి. బ్లేడు వెళ్ళిన గాటు మళ్ళీ మూసుకుపోవాలంటే ప్లాస్టిక్ కాస్త మెత్తగా ఉండాలి, అందుకే దాన్ని కావాలనే మెత్తబరిచి తయారుచేస్తారు. ఆ మెత్తదనమే వేడి దగ్గర దానికి శత్రువు. గట్టి పీవీసీయే 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, ఇది ఇంకా ముందే లొంగిపోతుంది. ఇస్త్రీ పెట్టె మీద ఒక చుక్క గుర్తు అంటే సుమారు 110 డిగ్రీలు, రెండు చుక్కలు 150, నూలు బట్టకి మనం పెట్టే మూడు చుక్కలు దాదాపు 200. అంటే అన్నిటికంటే తక్కువ వేడి కూడా మ్యాట్‌కి ఎక్కువే. పల్చగా, కాస్త పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్ మ్యాట్‌లు కొన్ని పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, అది 160 డిగ్రీల చుట్టుపక్కల కరిగే పోతుంది, వంకర తిరగడం అంతకంటే చాలా ముందే మొదలవుతుంది. గట్టిగా ఉంది కదా తట్టుకుంటుందిలే అనుకోవద్దు.

టవల్ వేస్తే? టవల్ వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు. ఒకే చోట పదిసార్లు ఒత్తితే ఆ వేడంతా టవల్‌లో కూడుకుని మెల్లగా కిందికి దిగుతుంది, ఆవిరి కూడా వదిలితే ఇంకా త్వరగా దిగుతుంది. నా మొదటి పది కుట్లు క్షేమంగా గడిచింది అందుకే, ఆ తర్వాత జరిగిందీ అందుకే.

పోనీ మ్యాట్ కొంచెం ఉబ్బితే ఏమవుతుంది, కోసుకోవచ్చుగా అనిపిస్తుంది. ఏమవుతుందో చెప్తాను. కటింగ్ మ్యాట్‌కి ఉన్న విలువంతా అది చదునుగా ఉండటంలోనే ఉంది. ఉబ్బిన చోట స్కేలు ఊగి, కోసేటప్పుడు వెంట్రుకవాసి జరుగుతుంది, రోటరీ కట్టర్ (చక్రంలా తిరుగుతూ కోసే కత్తి) బ్లేడు ఉబ్బు పక్కనున్న గుంట మీద తేలిపోయి రెండు మూడు పోగులు తెగకుండా వదిలేస్తుంది. ఆ పోగుల్ని తెంపాలని ఇంకోసారి గట్టిగా నొక్కి తిప్పుతాం, అంచు ఇంకాస్త పాడవుతుంది. రెండున్నర అంగుళాల ముక్కలు తొమ్మిది, అంచు నుంచి పావు అంగుళం మార్జిన్ వదిలి కుడితే బ్లాకు సరిగ్గా ఆరున్నర అంగుళాలు రావాలి. ఆ మ్యాట్ మీద కోసిన ముక్కలతో నాకు ఒకటి ఆరుంబావు, ఒకటి ఆరున్నర, ఇంకొకటి ఒక పక్క ఆరున్నర, రెండో పక్క కాస్త తక్కువ వచ్చాయి. ఒక వరసలో పన్నెండు ముక్కలుంటే కుట్లు పదకొండు, కుట్టుకి ఒక్క మిల్లీమీటరు తేడా పడ్డా చివరికి 11 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర అంగుళం. బొంత అంచులు కలవకపోతే చేతికి వంక పెడతాం గానీ, చాలాసార్లు తప్పు మ్యాట్‌ది.

కోసే బల్లకీ ఇస్త్రీ బల్లకీ కావలసినవి పూర్తిగా వేరు. కోయడానికి బ్లేడుని మింగి మళ్ళీ మూసుకునే మెత్తని ప్లాస్టిక్ కావాలి. ఇస్త్రీకి 200 డిగ్రీలు తట్టుకునేది, తడిని పీల్చుకునేది, అయినా గట్టిగా ఉండేది కావాలి. ఈ "గట్టిగా" అన్నది చాలామంది పట్టించుకోరు. పరుపులాంటి మెత్తని చోట ఒత్తితే కుట్టు కింద మార్జిన్ దిగబడి, పైకి కుట్టు గీత పూర్తిగా విచ్చుకోదు, ఒక్కో కుట్టులో ఒకటి రెండు పోగుల మందం మడతలో ఉండిపోతుంది. మళ్ళీ అదే కొలతల గోల.

ఇక దేని మీద చేయాలో చూద్దాం.

మామూలు ఇస్త్రీ బల్ల

ఇంట్లో ఉంటే దాంతో మొదలుపెట్టండి, కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. కింద జాలీ ఉంటుంది కాబట్టి ఆవిరి బయటికి పోతుంది, వేడికి ఏమీ కాదు. కానీ ఇది చొక్కాల కోసం చేసింది. ఒక కొన సన్నగా ఉండటం చొక్కా భుజానికి బాగుంటుంది, చదరపు బ్లాకుకి ఎందుకూ పనికిరాదు. పైన స్పాంజి మెత్తగా ఉంటే నేను ఇందాక చెప్పిన మార్జిన్ సమస్య వస్తుంది. పెద్ద బొంత పైభాగం పరిస్తే రెండు వైపులా వేలాడి, దాని బరువుకి అదే సాగుతుంది. స్పాంజి తీసేసి, దాని బదులు పాత నూలు దుప్పటి రెండు మడతలు బిగుతుగా కట్టి పైన కవరు వేస్తే సగం కష్టం తీరుతుంది. ఈ చిన్న మార్పు చేసి ఏళ్ళ తరబడి దాని మీదే కుట్టేవాళ్ళు ఉన్నారు, తప్పేం లేదు.

బల్ల మీద టవల్

అర్జెంటుకి సరే. కానీ కింద ఉన్నది పాలిష్ చేసిన చెక్క బల్ల అయితే జాగ్రత్త, ఆవిరి టవల్ దాటి పాలిష్ కిందికి చేరి తెల్లటి మచ్చ పడుతుంది. ఇంకోటి, టవల్ నూలు రింగులు పల్చని బట్ట మీద అచ్చు పడతాయి, లేత రంగు బట్ట మీద వెలుగులో చూస్తే చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. దుప్పటి మడత నయం.

ఉన్ని మ్యాట్

అందరూ చూపిస్తున్నారే, బూడిద రంగులో అర అంగుళం మందం ఉన్న దళసరి మ్యాట్, అది. గొర్రె ఉన్నిని నొక్కి గట్టిపరిచి చేస్తారు. దీని గొప్పంతా వేడిని పట్టి ఉంచడంలో ఉంది. పైనుంచి ఇస్త్రీ పెట్టె, కింది నుంచి మ్యాట్‌లో నిలిచిన వేడి, రెండు వైపులా ఒకేసారి అణుగుతుంది. బ్లాకులు నిజంగానే కాగితంలా చదునుగా వస్తాయి, ఇందులో అతిశయోక్తి లేదు. గుండుసూదులు గుచ్చుకోవచ్చు, బట్ట జారదు, మిషను పక్కనే చిన్న ముక్క పెట్టుకుని కూర్చున్న చోటి నుంచే ఒత్తుకోవచ్చు. నాలా లేవడానికి బద్ధకించేవాళ్ళకి ఇదే అసలైన మందు.

ఇప్పుడు దాని బాధలు. ఆవిరి వదిలారంటే తడిసిన గొర్రె పక్కన కూర్చున్నట్టే ఉంటుంది, కొత్తలో మరీ ఎక్కువ. కొన్ని మ్యాట్‌లు నూగు వదులుతాయి, తెల్ల బట్ట మీద బూడిద రంగు నూగు ఏరుకోవడం నా వంతయింది. గంజి చల్లి ఒత్తే అలవాటుంటే ఆ గంజి ఉన్నిలోకి దిగి మాడి గోధుమరంగు మరకలవుతుంది, పైన ఒక పల్చని నూలు గుడ్డ వేసుకుంటే ఆ గొడవ లేదు. ఇక ముఖ్యమైంది, ఈ మ్యాట్ వేడినీ తడినీ పూర్తిగా తనలోనే దాచుకోదు, కిందికి కూడా పంపుతుంది. కాబట్టి ఉన్ని మ్యాట్‌ని కటింగ్ మ్యాట్ మీద పెట్టి ఇస్త్రీ చేయడమంటే, చుట్టూ తిరిగి మళ్ళీ నా టవల్ కథ దగ్గరికే రావడం. ఈ తప్పు చాలామంది చేస్తారు, అర అంగుళం మందం ఉంది కదా అనే ధీమాతో. దాని కింద పింగాణీ పలక గానీ ప్లైవుడ్ ముక్క గానీ ఉంచండి. పని అయ్యాక మ్యాట్‌ని నిలబెట్టి రెండు వైపులా ఆరనివ్వాలి, తడిగా పడేస్తే బూజు వాసన పడుతుంది. కొనేటప్పుడు నూరు శాతం ఉన్ని అని రాసి ఉందో లేదో చూసుకోండి, పాలిస్టర్ కలిసిందైతే ఎక్కువ వేడికి గట్టిపడి అట్టలా తయారవుతుంది.

ఒక వైపు కోత, ఒక వైపు ఇస్త్రీ

కటింగ్ మ్యాట్ మీదే ఇస్త్రీ చేయాలన్న ఆశ ఉన్నవాళ్ళ కోసమే ఇది పుట్టింది. ఒక ముఖం గళ్ళ గీతల కటింగ్ మ్యాట్, తిప్పితే రెండో ముఖం గుడ్డ తొడిగిన మెత్త. మధ్యలో వేడి దిగకుండా ఒక పొర. చోటు తక్కువున్నవాళ్ళకీ, కుట్టు సరంజామా సంచిలో వేసుకుని వేరేచోటికి వెళ్ళేవాళ్ళకీ బాగుంటుంది. రోజూ వాడటానికి నేనైతే సలహా ఇవ్వను. ఎందుకంటే ఒత్తిన వెంటనే తిప్పి కోయకూడదు, చల్లారేదాకా ఆగాలి, మెత్త వైపు వేడిగా ఉండగా బోర్లించి స్కేలు నొక్కితే కోత ముఖం వంగుతుంది. కోత, కుట్టు, ఒత్తు, మళ్ళీ కోత అని వరసగా సాగే పనిలో ఆ ఆగడం చిరాకు. పైగా సైజు చిన్నది. కొంటే మాత్రం దాని మీద ఆవిరి వాడొచ్చా, ఎంత వేడి దాకా పెట్టొచ్చు అని రాసిన కాగితం పారేయకుండా చదవండి, ఒక్కో దానికి ఒక్కో పరిమితి ఉంటుంది.

సిలికాన్ షీటు, గాజు మ్యాట్

సిలికాన్ వేడికి బాగా తట్టుకుంటుంది గానీ తడి పీల్చదు, ఆవిరి కింద నీరై బట్టకే తిరిగి అంటుకుంటుంది, బట్ట కూడా జారుతుంది. దాని పని వేరే ఉంది. వేడికి అంటుకునే జిగురు బట్టతో పూలు, ఆకులు అతికించేటప్పుడు కారిన జిగురు దీనికి పట్టదు, చల్లారాక ఒలిచేస్తే వచ్చేస్తుంది. అందుకు ఒకటి ఉంచుకోండి, అంతే. గాజు మ్యాట్ వేడికి వంగదు కాబట్టి రెండు పనులకీ ఒకటే సరిపోతుందేమో అని అడుగుతారు. గాజు మీద రోటరీ బ్లేడు చూస్తుండగానే మొద్దుబారిపోతుంది. ఇస్త్రీకి చూస్తే, బట్టలోని తడి ఎటూ పోలేక గాజుకీ బట్టకీ మధ్య చెమటలా పడుతుంది. రెండిటికీ చెడ్డ రేవడి.

ఇంట్లో చేసుకునే ఒత్తు పలక

నా ఓటు దీనికే. చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు.

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి, 18 అంగుళాలకి 24 అంగుళాలు అయితే మామూలు బ్లాకులన్నిటికీ సరిపోతుంది. పార్టికల్ బోర్డు వద్దు, ఆవిరికి ఉబ్బి పొడిపొడి అవుతుంది. అంచులు గరుకు కాగితంతో రుద్దండి, లేకపోతే బట్ట చిరుగుతుంది. దాని మీద నూలు బ్యాటింగ్ (బొంత లోపల పరిచే దళసరి పొర) రెండు పొరలు, లేదా పాత నూలు దుప్పటి. ఇక్కడే మోసపోతారు, నూలు అని అమ్మేవాటిలో చాలా వాటికి పాలిస్టర్ కలుస్తుంది. అనుమానం ఉంటే చిన్న పోగు లాగి పట్టకారుతో పట్టుకుని, కింద లోహపు పళ్ళెం పెట్టుకుని అంటించి చూడండి. నూలు అయితే కాగితంలా కాలి మెత్తటి బూడిద రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి ముడుచుకుని చివర గట్టి పూసలా అవుతుంది. పూస వచ్చిందా, ఆ బ్యాటింగ్ బొంతలోకే, పలక మీదికి కాదు. స్పాంజి అసలు వద్దు.

పైన కవరుకి దగ్గరగా నేసిన కాన్వాసు గానీ దళసరి నూలు గుడ్డ గానీ, లేత రంగుది, ముందే ఉతికి ఆరేసి ముడుచుకున్నాకే వాడాలి. ముదురు రంగు గుడ్డ వేస్తే ఆవిరికి దాని రంగు మీ తెల్ల బ్లాకుకి ఎక్కినా ఆశ్చర్యం లేదు. పలక బోర్లించి, నాలుగు వైపులా ముందు మధ్యలో ఒక్కో స్టేపులు కొట్టి, అక్కడి నుంచి మూలల వైపు లాక్కుంటూ వెళ్ళండి. మూల నుంచి మొదలెడితే మధ్యలో ముడతలు వస్తాయి, నా మొదటి పలక అలాగే ఉంది. చెప్పడం మర్చిపోయాను, కొలతలకి గీతలు గీసుకుందామని వేడికి చెరిగిపోయే పెన్నుతో గీయకండి. గీశాను, మొదటి ఒత్తుకే అన్నీ మాయం.

పలక గట్టిగా ఉంటుంది, తడి పీలుస్తుంది, కాన్వాసు మాసితే ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు. లోపం ఒకటే, ఉన్ని మ్యాట్‌లా కింది నుంచి వేడి తిరిగి ఇవ్వదు, కాబట్టి దళసరి కుట్లని తిప్పి రెండో వైపు కూడా ఒత్తాలి. బరువు కూడా ఉంటుంది. ఎక్కువసేపు ఆవిరితో పనిచేస్తే దీని కింద కూడా తడి చేరుతుంది, మంచి బల్ల మీద పెడితే ఓ దళసరి గుడ్డ పరుచుకోండి.

మరి మీకేది?

చిన్న ముక్కలు, కాగితం మీద కుట్టే బ్లాకులు, మిషను దగ్గరే కూర్చుని పని అయితే పది అంగుళాల ఉన్ని మ్యాట్ చాలు, పెద్దది అక్కర్లేదు. బొంత పైభాగాలు, పొడుగు పట్టీలు ఎక్కువ చేస్తారా, అయితే పలక పెద్దదిగా చేసుకోండి. దాన్ని ఇస్త్రీ బల్ల మీద పెడదామనుకుంటే అడుగున రెండు కర్రలు బిగించండి, లేకపోతే ఏదో ఒకరోజు పలక, బొంత, ఇస్త్రీ పెట్టె మూడూ కింద పడతాయి. నెలకోసారి కుట్టేవాళ్ళు ఏమీ కొనకండి, దుప్పటి మడిచిన ఇస్త్రీ బల్ల బ్రహ్మాండంగా సరిపోతుంది. ఒకే బల్ల మీద అన్నీ జరగాలి, వేరే చోటు లేదు అంటారా? అప్పుడు కూడా రెండు వైపుల మ్యాట్ కంటే, మ్యాట్‌కి ఒక వైపు, చిన్న పలకకి ఇంకో వైపు ఇచ్చి, ఇస్త్రీ పెట్టె తీగ మ్యాట్ మీదుగా రాకుండా చూసుకోవడం నయం. నాది ఇప్పుడు ఎడమ పక్క మ్యాట్, మధ్యలో మిషను, కుడి పక్క పలక.

దేని మీద చేసినా ఒత్తే తీరు ఒకటే. బట్టల్లా రుద్దకండి. పెట్టి, నాలుగైదు సెకన్లు ఉంచి, ఎత్తి, పక్కన పెట్టాలి. రుద్దితే, ముఖ్యంగా క్రాస్‌గా కోసిన అంచుల దగ్గర, బట్ట సాగి చదరం కాస్తా గాలిపటం అవుతుంది. ముందు కుట్టుని మూసి ఉండగానే ఒకసారి ఒత్తండి, దారం బట్టలోకి సర్దుకుంటుంది, ఆ తర్వాత విప్పి ఒత్తండి.

ఇప్పటికే పాడైపోయిందా?

కొంచెం వంగిన మ్యాట్‌ని చదునైన నేల మీద పరిచి, వెచ్చటి ఎండ తగిలేలా కాసేపు ఉంచి, మెత్తబడ్డాక నీడలోకి లాగి, మీద బరువైన పుస్తకాలు సమంగా పేర్చి పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. ఎండలో, మూసిన కారులో ఉంచి వంగినవాటికి ఇది చాలావరకు పనిచేస్తుంది. ఇస్త్రీ పెట్టెతో కాలి ఉబ్బినవాటికి చేయదు, అక్కడ పొరలే విడిపోయి ఉంటాయి. దాన్ని సరిచేద్దామని పైన గుడ్డ వేసి మళ్ళీ ఇస్త్రీ చేసేవాళ్ళు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. పీవీసీ మాడితే వచ్చే పొగ ఘాటుగా ఉండి గొంతు పట్టేస్తుంది, అప్పటికే వాసన వస్తుంటే ఇస్త్రీ పెట్టె ఆపి కిటికీలు తెరవండి. పెట్టె అడుగున ప్లాస్టిక్ అంటుకుని ఉంటే అది పూర్తిగా శుభ్రం చేసేదాకా బట్ట మీద పెట్టొద్దు.

నేను ఉబ్బిన భాగాన్ని గట్టి కత్తితో, ఇనుప స్కేలు ఆనించి, నాలుగైదు గాట్లలో కోసి తీసేశాను. మిగిలిన రెండు ముక్కల్లో పెద్దది మిషను పక్కన చిన్న చిన్న అంచులు సరిచేయడానికి ఉంది, రెండోది అక్క తీసుకెళ్ళింది. తను తీసుకెళ్ళబోతుంటే, అప్పుడే పలక మీద ఒత్తి తీసిన జీన్స్ బ్లాకులు గుట్టగా ఆ మ్యాట్ ముక్క మీద పెట్టబోయాను. "కాసేపు చల్లారనీ, అదీ వేడే" అంది. ఈసారి విన్నాను.